కాంగోలో అన్నీ ఉన్నాయి, మరి డబ్బు ఎటు పోతోంది?

పోయిన సంచికలో ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి రాస్తూ ఒక మాట అన్నాం. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో దాదాపు ముప్పాతిక వంతు ఒక్క కాంగో నుంచే వస్తోంది, అయినా ప్రపంచ బ్యాంకు లెక్కన 2024లో అక్కడ నూటికి 73 మంది రోజుకు 2.15 డాలర్ల లోపు మీదే బతికారు అని. ఆ ఒక్క మాట పట్టుకుని విజయవాడ, గుంటూరు నుంచి ఇన్ని ఉత్తరాలొస్తాయని ఊహించలేదు. అందుకే ఈసారికి పాస్‌పుస్తకాలు, జీఎస్టీ నోటీసుల ప్రశ్నలు పక్కన పెట్టాం, శీర్షికంతా కాంగోదే. ఇక్కడ కాంగో అంటే కిన్షాసా రాజధానిగా ఉన్న పెద్ద కాంగో, డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో. చిన్నది ఇంకోటుంది, దాని సంగతి కింద ఒక పిల్లాడు అడిగాడు.

ప్రశ్న: నేను బ్యాటరీ స్కూటర్లు రిపేరు చేస్తాను. ప్యాక్ విప్పితే చైనా అక్షరాలు కనిపిస్తాయి గానీ కాంగో పేరు ఎక్కడా ఉండదు. మీరేమో కాంగో అంటారు. ఎలా?
– ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: పేరెప్పుడూ చివర్లో చెయ్యి వేసినవాడిదే పడుతుందండి. కోబాల్ట్ మొదలయ్యేది కోల్వేజీ అనే ఊళ్ళో, కాంగోకి దక్షిణపు అంచున, జాంబియా వైపు. ఆ ఊరి చుట్టూనే కాదు, ఇళ్ళ కింద కూడా రాగి, కోబాల్ట్ కలిసిన రాయే. ఆకుపచ్చగా ఉంటే రాగి ఎక్కువ, నల్లగా ఉంటే కోబాల్ట్ ఎక్కువ, తవ్వేవాళ్ళు రంగు చూసే చెప్పేస్తారు. ఆ రాయిని పొడి చేసి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి, అందులోంచి రాగిని కరెంటు పెట్టి అక్కడే మంచి రేకులుగా తీస్తారు. కోబాల్ట్‌ని మాత్రం అంతదాకా తీసుకెళ్ళరు, 30 శాతం చిల్లర కోబాల్ట్ ఉండే హైడ్రాక్సైడ్‌గా చేసి, పెద్ద పెద్ద సంచుల్లో నింపి లారీ ఎక్కించేస్తారు.

ఇక ఆ లారీ పాట్లు. కోల్వేజీ నుంచి 300 కిలోమీటర్లు లుబుంబాషీ, అక్కణ్ణుంచి కసుంబలేసా సరిహద్దు. అక్కడ లారీల క్యూ కిలోమీటర్ల పొడవున ఉంటుంది, డ్రైవర్లు లారీ కిందే వండుకుని లారీలోనే పడుకుంటారు. తర్వాత జాంబియా దాటి టాంజానియాలో దార్ ఎస్ సలామ్ రేవుకో, ఇంకా కిందికి దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవుకో చేరాలి. అక్కడ ఓడెక్కి చైనా వెళ్తుంది. ప్రపంచంలో కోబాల్ట్ శుద్ధి ముప్పాతిక వంతు పైగా చైనాలోనే. అక్కడ పౌడరయ్యి, సెల్ అయ్యి, ప్యాక్ అయ్యి, మీ బల్ల మీదికి వస్తుంది.

ఇంకో మాట, మీకు తెలిసే ఉంటుంది. మీ దగ్గరికొచ్చే ప్యాకులన్నిటిలో కోబాల్ట్ ఉండదు. సెల్ మీద 3.2 వోల్టులు అని ఉంటే అది ఎల్ఎఫ్‌పీ, అంటే ఐరన్ ఫాస్ఫేట్ రకం, అందులో కోబాల్ట్ చుక్క కూడా లేదు. 3.6, 3.7 అని ఉంటే చాలావరకు ఎన్ఎంసీ, అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకం, కాంగోతో చుట్టరికం దానికే.

ప్రశ్న: మా అబ్బాయికి లుబుంబాషీలో ఒక గని కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. జీతం బాగానే ఉంది. కానీ టీవీలో కాంగోలో యుద్ధం అని చూపిస్తున్నారు. నాకు ఒకటే టెన్షన్. పంపమంటారా?
– ఒక తల్లి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పంపాలా వద్దా మీ ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలమ్మా, మేం చెప్పగలిగింది ఎక్కడేం జరుగుతోందో మాత్రమే. కాంగో చిన్న దేశం కాదు. 23 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే, మన ఆంధ్రప్రదేశ్‌లాంటివి పద్నాలుగు పడతాయి. మీరు టీవీలో చూసింది తూర్పున రువాండా పక్కనున్న గోమా, బుకావూ. ఎం23 అనే తిరుగుబాటు దళం 2025 జనవరిలో గోమాని, ఫిబ్రవరిలో బుకావూని పట్టుకుంది. దాని వెనక రువాండా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదికలు పదే పదే చెప్పాయి, రువాండా కాదంటుంది. ఫోన్లలో వాడే టాంటలమ్ లోహం తీసే కోల్టాన్ గనులు ఆ వైపే ఉన్నాయి, రుబాయా అనే చోట ఉన్న పెద్ద గని 2024 నుంచి ఆ దళం చేతుల్లోనే ఉంది. లుబుంబాషీ దక్షిణాన ఉంది. గోమా నుంచి మ్యాప్ మీద గీత గీస్తేనే వెయ్యి కిలోమీటర్ల పైన.

కాబట్టి అబ్బాయి వెళ్ళే ఊళ్ళో భయపడాల్సింది వేరే. మొదటిది మలేరియా. జ్వరం రాగానే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి, రేపు చూద్దాంలే అనుకోకూడదు. ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి పది రోజుల ముందే, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించండి. టీకా వేశాక ఇచ్చే పసుప్పచ్చ కార్డు లేకపోతే అక్కడ దిగనివ్వరు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ ఆపేస్తారు. చీకటి పడ్డాక ఒంటరిగా తిరగడం మంచిది కాదు. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే తీసుకెళ్ళమనండి, కొస చిరిగిన నోటు అక్కడ కొట్టువాడు కూడా ముట్టుకోడు. మాట్లాడేది ఫ్రెంచి, స్వాహిలి. ఎండ గురించి బెంగ పెట్టుకోకండి, ఊరు సముద్రమట్టానికి 1,200 మీటర్ల ఎత్తులో ఉంది, జూన్, జూలైల్లో రాత్రుళ్ళు స్వెటర్ కావాలి. గుంటూరు మే నెల చూసినవాడికి అదో లెక్కా.

అన్నిటికంటే ముందు ఆఫర్ లెటర్‌లో రెండు చూడండి. వర్క్ వీసా కంపెనీ తీస్తుందా, లేక విజిట్ వీసా మీద రా, తర్వాత చూద్దాం అంటున్నారా. రెండోదైతే వద్దనే చెప్పండి. జబ్బు ముదిరితే దక్షిణాఫ్రికాకి విమానంలో తీసుకెళ్ళే ఖర్చు ఇన్సూరెన్స్‌లో ఉందా లేదా అన్నది ఇంకోటి. వెళ్ళగానే కిన్షాసాలోని మన ఎంబసీలో పేరు నమోదు చేయించుకోమనండి.

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను. పుస్తకాల్లో 'వనరుల శాపం' అని ఉంది, ఖనిజాలున్న దేశాలు పేదగానే ఉంటాయట. ఖనిజాలుండటమే తప్పా సార్?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పరీక్షలో ఆ సిద్ధాంతం రాయమ్మా, మార్కులొస్తాయి. కానీ అక్కడితో ఆగిపోతే ఎవరెవరు ఏం చేశారన్నది తప్పిపోతుంది, కాంగో కథలో ప్రతి మలుపులోనూ పేరుతో సహా మనుషులున్నారు.

1885లో ఆ దేశం బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి అయింది. బెల్జియంది కాదు, ఆయనది. అప్పట్లో గనులు కూడా కాదు, రబ్బరు. గాలి నింపే టైర్లు వచ్చాయి, గిరాకీ పెరిగింది, అడవిలో రబ్బరు పాలు తెమ్మని ఊరూరికీ కోటా పెట్టారు, తేకపోతే కాల్చేవాళ్ళు, చేతులు నరికేవాళ్ళు. లోకం గగ్గోలు పెట్టాక 1908లో దేశాన్ని బెల్జియం ప్రభుత్వానికి అప్పజెప్పాడు. తర్వాత కటాంగాలో, అంటే కోల్వేజీ, లుబుంబాషీ ఉన్న దక్షిణ ప్రాంతంలో, రాగి గనులు, రైళ్ళు వచ్చాయి. ఆ రైళ్ళన్నీ గని నుంచి సరిహద్దుకో రేవుకో వెళ్ళేవే, దేశంలో ఈ మూల నుంచి ఆ మూలకి జనం వెళ్ళడానికి వేసింది కాదు. ఈనాటికీ కిన్షాసా నుంచి లుబుంబాషీకి నేరుగా రైలు లేదు, డబ్బున్నవాడు విమానం ఎక్కాల్సిందే. హిరోషిమా మీద వేసిన బాంబులో యురేనియం ఎక్కువ భాగం కూడా కటాంగాలోని షింకోలోబ్వే గనిదే, అది వేరే కథ.

1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి అంత పెద్ద దేశంలో యూనివర్సిటీ డిగ్రీ ఉన్న కాంగోవాళ్ళు ముప్ఫై మందికి మించరని చెబుతారు. పదకొండో రోజున, జూలై 11న, గనులున్న కటాంగా మేం విడిపోతున్నాం అని ప్రకటించింది, దాని వెనక బెల్జియం గని కంపెనీ డబ్బుంది. మొదటి ప్రధాని పాట్రిస్ లుముంబాని 1961 జనవరి 17న ఆ కటాంగాకే తీసుకెళ్ళి చంపేశారు. 1965లో సైన్యాధిపతి మొబుటు గద్దెనెక్కి 1997 దాకా దిగలేదు. ఆయన గనులు జాతీయం చేసి ప్రభుత్వ కంపెనీ పెట్టాడు, దాని పేరు ఇప్పుడు జెకామీన్స్. 1980ల మధ్యలో అది ఏడాదికి 4.7 లక్షల టన్నుల రాగి తీసింది. వచ్చిన డబ్బు మొబుటు మనుషుల జేబుల్లోకి పోయింది, యంత్రాలకి విడిభాగాలు కొనడానికి మిగల్లేదు, 1990లో కమోటో అనే పెద్ద భూగర్భ గని కూలిపోయింది, 2000ల మొదట్లో ఉత్పత్తి 20 వేల టన్నుల లోపుకి పడిపోయింది. ఖనిజం అయిపోయి కాదు, అదే భూమి, అదే రాయి.

తర్వాత యుద్ధాలు, యుద్ధాల మధ్యలో అమ్మకాలు. ఇక్కడే అసలు నష్టం జరిగిందని నా ఉద్దేశం. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ నడిపిన ఆఫ్రికా ప్రోగ్రెస్ ప్యానెల్ 2013లో లెక్కగట్టింది, 2010 నుంచి 2012 మధ్య కేవలం 5 గనుల ఒప్పందాల్లో, వాటాలు కారుచౌకగా అమ్మడం వల్ల, ప్రభుత్వం 136 కోట్ల డాలర్లు పోగొట్టుకుందని. ఆ దేశం ఆరోగ్యానికి, చదువుకి కలిపి ఏడాదికి పెట్టే ఖర్చుకి అది దాదాపు రెట్టింపు. 2008లో చైనా కంపెనీలతో ఇంకో ఒప్పందం, మీరు గని తీసుకోండి, మాకు 300 కోట్ల డాలర్ల రోడ్లు, ఆసుపత్రులు కట్టండి అని. 2023లో కాంగో ఆడిటర్లు చూస్తే అప్పటికి ఖర్చయింది 82 కోట్ల డాలర్లే. 2024లో మళ్ళీ కూర్చుని దాన్ని 700 కోట్లకి పెంచుకున్నారు, ఎంతవరకు కడతారో చూడాలి.

అంతా చెడే అనకూడదు. 2018 గనుల చట్టంతో కోబాల్ట్ మీద రాయల్టీ 2 శాతం నుంచి 10 శాతం అయింది. అందులో సగం కేంద్రానికి, 25 శాతం రాష్ట్రానికి, 15 శాతం గని ఉన్న ఊళ్ళకి, 10 శాతం రాబోయే తరాల నిధికి. కాగితం మీద చక్కటి పంపకం. ఊరి ఖాతాలో పడ్డ 15 శాతం ఊరికి ఖర్చయిందా అన్న దగ్గర మళ్ళీ గొడవలు, మేయర్ల మీద ఆరోపణలు.

ఖనిజమే చెడ్డదైతే బోట్స్‌వానా కూడా చెడిపోవాలిగా. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అది ప్రపంచంలోకెల్లా పేద దేశాల్లో ఒకటి, మరుసటేడు వజ్రాలు దొరికాయి. ప్రభుత్వం డీబీర్స్ అనే వజ్రాల కంపెనీతో సగం సగం వాటా పెట్టుకుని, ఆ డబ్బుతో బళ్ళు, రోడ్లు వేసుకుంది. అక్కడ జనం కొద్దిమందే, యుద్ధాలు లేవు, కాబట్టి కాంగోతో పూర్తిగా పోల్చలేం. కానీ వాటా ఎంతకి రాసుకున్నారు, లెక్క ఎవరు చూశారు అన్నదాంట్లోనే ఉంది తేడా అంతా. జవాబు రాసేటప్పుడు ఈ రెండు దేశాల పేర్లూ పక్కపక్కన పెట్టు.

ప్రశ్న: కాంగో నదిలో అంత నీరుందంటారు. అంత నీరుండి దేశమంతా చీకట్లో ఎందుకుంది?
– రిటైర్డ్ ఇంజినీరు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అంత నీరంటే ఎంతో మన లెక్కలో చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఊరంతా గుండెలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం గదా, సింగ్‌నగర్ మునిగింది బుడమేరు వల్ల అనుకోండి, అది వేరు. కాంగో నది సముద్రంలో కలిసేచోట మామూలు రోజున, ఏ వరదా లేని రోజున, సగటున పారేది సెకనుకు 40 వేల ఘనపు మీటర్ల పైన, అంటే 14 లక్షల క్యూసెక్కులు. అమెజాన్ తర్వాత ప్రపంచంలో ఇదే. పైగా భూమధ్యరేఖని రెండుసార్లు దాటుతుంది కాబట్టి అటో ఇటో ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది, మన కృష్ణలాగా వేసవిలో ఇసుక తేలడం ఉండదు.

ఇంగా అనే చోట ఆ నీరంతా కొద్ది దూరంలోనే దాదాపు 100 మీటర్లు కిందికి దిగుతుంది. 40 వేల మెగావాట్లు తీయొచ్చని లెక్క. తీస్తున్నది ఎంత? 1972లో కట్టిన ఇంగా-1 సామర్థ్యం 351 మెగావాట్లు, 1982 నాటి ఇంగా-2 సామర్థ్యం 1,424. రెండూ కలిపినా మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కంటే తక్కువ, మనది 2,560. వాటిల్లో కూడా టర్బైన్లు కొన్ని ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉండేవి.

మీరు ఇంజినీరు కాబట్టి తర్వాతది మీకు బాగా అర్థమవుతుంది. ఇంగా నుంచి కటాంగా గనులకి 1,700 కిలోమీటర్ల డీసీ లైను వేశారు. డీసీ లైనుకి మధ్యలో ఎక్కడపడితే అక్కడ కొక్కెం వేసి ఊరికి కరెంటు ఇవ్వలేం, దాన్ని ఇళ్ళలో వాడే ఏసీగా మార్చే కన్వర్టర్ స్టేషన్ కట్టాలి, అది కట్టలేదు. దాంతో 1,700 కిలోమీటర్ల పొడవునా టవర్ల కింద ఊళ్ళు, ఊళ్ళలో కిరోసిన్ బుడ్లు. విడిపోతానన్న కటాంగా స్విచ్చి కిన్షాసా చేతిలో ఉండాలని మొబుటు ఆ లైను వేయించాడని చాలామంది అంటారు, నాకూ నిజమేననిపిస్తుంది. ఈనాటికీ దేశంలో కరెంటున్నవాళ్ళు దాదాపు అయిదోవంతే. గనులకే చాలక జాంబియా నుంచి కొంటున్నారు. ఇంగా-3 అని ఎప్పటినుంచో అంటున్నారు, ప్రపంచ బ్యాంకు 2016లో చెయ్యి వెనక్కి తీసుకుంది, 2025లో మళ్ళీ ముందుకొచ్చింది.

ప్రశ్న: అట్లాస్‌లో రెండు కాంగోలున్నాయి. ఎందుకు?
– పదో తరగతి విద్యార్థి, మంగళగిరి

జవాబు: నదికి ఒక పక్క ఫ్రాన్స్ ఆక్రమించింది, రెండో పక్క బెల్జియం రాజు, రెండింటికీ నది పేరే పెట్టారు బాబూ. రాజధానులు బ్రాజావిల్, కిన్షాసా నదికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో ఇప్పటికీ వంతెన లేదు, పడవ మీద దాటాలి, పాస్‌పోర్టు చూపించాలి. ఇంకోటి కూడా తెలుసుకో. లుబుంబాషీ పాత పేరు ఎలిజబెత్‌విల్, 1961 డిసెంబరు 5న అక్కడ ఐక్యరాజ్యసమితి తరఫున పోరాడుతూ మన సైన్యంలోని కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణాలిచ్చారు. ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు, ఐక్యరాజ్యసమితి శాంతిసేన పనిలో ఉండగా అది వచ్చింది ఆయనొక్కరికే. క్విజ్‌లో అడుగుతారు.

ప్రశ్న: గనులు సరే, అంత భూమి, నీళ్ళు ఉన్నప్పుడు పంటలు పండించుకుని బాగుపడొచ్చు కదా?
– మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: సాగుకి పనికొచ్చే భూమి 8 కోట్ల హెక్టార్లని అంచనా, సాగవుతున్నది అందులో పదో వంతు. పండక కాదండి, పండింది మార్కెట్‌కి రాక. కిన్షాసా నుంచి కిసంగాని దాకా నది మీద 1,700 కిలోమీటర్లు, పడవలో వారాలు పడుతుంది. మొక్కజొన్న బస్తాలు, ఎండుచేపలు, మేకలు, జనం అన్నీ ఒకే పడవ మీద. తారు రోడ్లు అతి తక్కువ, వానాకాలం మట్టిరోడ్డు మీద లారీ దిగబడితే రోజుల తరబడి అక్కడే, దారి పొడవునా చెక్‌పోస్టుల్లో చేతులు తడపాలి. కర్రపెండలం వాళ్ళ అన్నం, దాని దుంప పిండితో ముద్ద, ఆకుతో కూర. కటాంగా వైపు మొక్కజొన్న పిండి ముద్ద, ఆ మొక్కజొన్నలో చాలాభాగం జాంబియా నుంచి రావాలి, అక్కడ ఎగుమతి ఆపితే లుబుంబాషీలో ధర మండిపోతుంది. 1973లో మొబుటు విదేశీయుల తోటలు, దుకాణాలు లాక్కుని తన వాళ్ళకి పంచాడు, తోటలు అప్పుడు పాడుబడ్డవి మళ్ళీ లేవలేదు. మీ సరుకు మాట అడగలేదు గానీ, అక్కడ పిలిపిలి అనే మిరపకాయ లేకుండా ముద్ద దిగదు.

ప్రశ్న: ఆ కోబాల్ట్ చిన్నపిల్లలతో తవ్విస్తారని చదివాను. మా ఆయన ఎలక్ట్రిక్ కారు కొందామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.
– ఒక గృహిణి, లబ్బీపేట, విజయవాడ

జవాబు: మీరు చదివింది నిజమే, మొత్తం అదే కాదు. ఎక్కువ కోబాల్ట్ పెద్ద కంపెనీల యంత్రాలతో వస్తుంది, అక్కడ పిల్లలుండరు. మిగతాది, ఏడాదిని బట్టి ఎక్కువో తక్కువో, చేత్తో తవ్వుకునే కూలీలది. కోల్వేజీ చుట్టుపక్కల అలాంటివాళ్ళు లక్షన్నర నుంచి రెండు లక్షల మంది ఉంటారని అంచనా. 2014లో కసూలో అనే కాలనీలో ఒకాయన ఇంటి కింద కోబాల్ట్ బయటపడింది, అంతే, కాలనీ అంతా నట్టింట్లో గుంటలు తవ్వేసింది. తాడు పట్టుకుని పాతిక ముప్ఫై మీటర్లు దిగుతారు, ఊతం కర్రలుండవు, వానపడితే మట్టి కూలుతుంది. పిల్లలు ఎక్కువగా పైన ఉంటారు, రాళ్ళు ఏరడం, వాగులో కడగడం, బస్తాలు మోయడం. 2016లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ నివేదిక వచ్చాకే ఫోన్ల కంపెనీలూ కార్ల కంపెనీలూ ఉలిక్కిపడ్డాయి.

తవ్వినదాన్ని అమ్మేచోట ఇంకో అన్యాయం. రోడ్డు పక్కన టార్పాలిన్ పరదాల కింద డిపోలుంటాయి, కొనేది చాలావరకు చైనా వ్యాపారులు. తుపాకీలాంటి మీటరు, మెటోరెక్స్ అంటారు, రాయి మీద పెట్టి కోబాల్ట్ ఇంత శాతం అని చెబుతారు, దాన్ని బట్టే రేటు. మీటరు వాళ్ళది, తక్కెడ వాళ్ళది. మన యార్డులో తేమ ఎక్కువుంది, తాలు కలిసింది అని రైతుకి కోత పెట్టడం గుంటూరోళ్ళకి చెప్పక్కర్లేదు, అదే పద్ధతి. నచ్చకపోతే బస్తా నెత్తిన పెట్టుకుని పక్క డిపోకి పో అంటారు, పక్క డిపోలోనూ అదే మీటరు. ఈ కూలీల సరుకంతా తామే కొంటామని ప్రభుత్వం 2019లో ఒక సంస్థ పెట్టింది గానీ ఏళ్ళ తరబడి అది పని మొదలుపెట్టలేదు.

కారు మాటకొస్తే, మానేయమని నేను చెప్పను. 2023, 2024లో కోబాల్ట్ ధర పడిపోయినప్పుడు దెబ్బ తిన్నది ముందుగా ఈ కూలీలే. పిల్లలు గుంటల దగ్గరికి పోవడానికి పెద్ద కారణం బడి ఫీజు. 2019లో ప్రాథమిక విద్య ఉచితం చేశారు, లక్షల మంది పిల్లలు బళ్ళలో చేరారు, గదులూ పంతుళ్ళ జీతాలూ మాత్రం అంతే వేగంగా రాలేదు. మీకు మరీ మనసొప్పకపోతే షోరూంలో బ్యాటరీ రకం అడగండి, మన దగ్గర అమ్మే కార్లలో ఎల్ఎఫ్‌పీ రకం చాలానే ఉన్నాయి. సేల్స్ కుర్రాడికి తెలియకపోతే మేనేజర్ని పిలిపించండి.

ప్రశ్న: కోహినూర్ మా కొల్లూరుదే అంటారు. వజ్రాలున్న కొల్లూరుకి మిగిలిందేమిటి? కాంగోకీ మాకూ తేడా ఏముంది?
– ఒక రైతు, సత్తెనపల్లి

జవాబు: తెనాలి దగ్గరి కొల్లూరు కాదు, కృష్ణ ఒడ్డున పల్నాడులో ఉన్న కొల్లూరు అని మిగతా పాఠకులు గమనించాలి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ వచ్చి చూసినప్పుడు అక్కడ ఆడా మగా పిల్లలూ కలిపి 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. రాళ్ళు గోల్కొండకి, అక్కణ్ణుంచి రాజుల కిరీటాల్లోకి. ఇప్పుడు ఆ ఊరు పులిచింతల నీళ్ళ కింద ఉంది. తేడా ఉందండి, మీది అప్పుడే అయిపోయింది, వాళ్ళది ఇంకా ఉంది. కాంగోలో వజ్రాల ఊరు ఎంబూజీమాయీ, లక్షల జనాభా. రాళ్ళు ఎక్కువగా నగలకి కాదు, కోత పనిముట్లకి పనికొచ్చే రకం. ప్రభుత్వ వజ్రాల కంపెనీ ఏళ్ళ తరబడి సగం చచ్చిపోయి ఉంది, వానొస్తే ఊళ్ళో భూమి కోసుకుపోయి అగాధాలు పడుతున్నాయి.

ప్రశ్న: పాత ఫోన్, ల్యాప్‌టాప్ బ్యాటరీలు తూకానికి కొంటాను. కాంగో ఎగుమతి ఆపేసిందని ఒకరు, కోటా పెట్టిందని ఒకరు అంటున్నారు. సరుకు దాచుకోమంటారా, అమ్మేయమంటారా?
– స్క్రాప్ వ్యాపారి, పాత గుంటూరు

జవాబు: ఇద్దరు చెప్పిందీ నిజమే. ధర పౌండుకు 10 డాలర్లకి పడిపోయేసరికి 2025 ఫిబ్రవరి 22న కోబాల్ట్ ఎగుమతి నాలుగు నెలలు ఆపేశారు, తర్వాత ఇంకో మూడు నెలలు పొడిగించారు, అక్టోబరు 16 నుంచి కోటా. 2025లో మిగిలిన రోజులకి 18,125 టన్నులు, 2026, 2027లో ఏడాదికి 96,600. 2024లో అక్కడ తీసింది 2 లక్షల 20 వేల టన్నులు, అంటే సగం కూడా బయటికి రానివ్వరన్నమాట. ఏడాది తిరక్కుండా ధర రెట్టింపు దాటింది. గట్టి నిర్ణయమే, ఇన్నాళ్ళకి రేటు మేమూ చెబుతాం అన్నారు. కాకపోతే కొనేవాళ్ళు ఊరుకోరు, ఇండోనేషియాలో నికెల్‌తో పాటు కోబాల్ట్ వస్తోంది, కార్ల కంపెనీలు ఎల్ఎఫ్‌పీకి మళ్ళుతున్నాయి. ధర ఎక్కువ కాలం పైనే ఉంటే ఆ మళ్ళడం ఇంకా తొందరపడుతుంది.

మీ సరుకులో విలువైనవి ఫోన్, ల్యాప్‌టాప్ బ్యాటరీలే, వాటిలో కోబాల్ట్ పాలు స్కూటర్ ప్యాకుల కంటే ఎక్కువ. ఎల్ఎఫ్‌పీ సెల్స్ అందులో కలపకండి, మొత్తానికి రేటు తగ్గిస్తారు. దాచుకోమని మాత్రం చెప్పను. ఉబ్బినవి, చిల్లుపడ్డవి గోడౌన్‌లో గుట్టపోస్తే గుంటూరు ఎండకి నిప్పు అంటుకుంటుంది, నీళ్ళు పోస్తే తేలిగ్గా ఆరదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఇద్దరు ముగ్గురి దగ్గర రేటు కనుక్కుని, టెర్మినల్స్‌కి టేపు చుట్టి, నెలకోసారి పంపించేస్తూ ఉండండి.